మన మనసుల మీద పరిశోధన చేసేదెవరు? సైకాలజీ ప్రొఫెసర్ పోస్టుల గురించి రెండు తెలుగు ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఉన్నత విద్యాశాఖ మంత్రులకు, ఉన్నత విద్యామండళ్ల చైర్మన్లకు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు

నమస్కారం.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ చెబుతున్న కాంట్రాక్టు అధ్యాపకురాలిని. అధ్యాపక అర్హత కోసం పెట్టే జాతీయ పరీక్ష నెట్ పాసయ్యాను, డాక్టరేట్ చేశాను, చాలా ఏళ్లుగా పీజీ క్లాసులు తీసుకుంటున్నాను. ఈ లేఖలో ఉన్న విషయాలన్నీ ఇంతకుముందే రిజిస్ట్రార్ గారికి, విద్యామండలికి, మంత్రిగారి పేషీకి వినతిపత్రాలుగా ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే పరిశీలనలో ఉందన్నారు. నేరుగా వెళ్లి అడిగితే ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో చెప్పేవాళ్లే దొరకలేదు. అందుకే మీకూ, ప్రజలకూ ఒకేసారి చెబుతున్నాను.

మా జీతాలు, మా రెగ్యులరైజేషన్ గురించి మాట్లాడటానికి మా సంఘం ఉంది. నేను చెప్పదలచుకున్నది వేరు. సైకాలజీ ప్రొఫెసర్ అనే ఉద్యోగమే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కనుమరుగవుతోంది. పెద్దవాళ్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు, వాళ్ల స్థానంలోకి ఎవరూ రావడం లేదు. ఒక పోస్టు ఖాళీగా ఉంటే ఖజానాకు ఒక జీతం మిగలొచ్చు. దానితోపాటు జనానికి ఏమేం పోతున్నాయో ఎవరూ లెక్క వేయడం లేదు.

ఒక ప్రొఫెసర్ జీవితం ఎలా ఉండేదో ముందు గుర్తుచేస్తాను. కోనేరు రామకృష్ణారావు గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1932లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చదువుకుని అక్కడే లెక్చరర్‌గా చేరారు. 1950ల చివర్లో ఫెలోషిప్ మీద షికాగో వెళ్లారు. ఆ తర్వాత డ్యూక్ విశ్వవిద్యాలయంలో, అతీంద్రియ శక్తులను ప్రయోగాలతో పరిశోధించే పారాసైకాలజీకి పేరుపడ్డ జె.బి.రైన్ దగ్గర పనిచేశారు. తిరిగొచ్చి 1960లలో వాల్తేరులో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని మొదలుపెట్టారు. మళ్లీ అమెరికా వెళ్లి రైన్ స్థాపించిన పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు. 1984లో తాను చదువుకున్న విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్‌గా వచ్చారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. వయసు పెరిగేకొద్దీ ఆయన ఆసక్తి అతీంద్రియ శక్తుల నుంచి చైతన్యం మీదికి, యోగం మీదికి, భారతీయ తత్వశాస్త్రంలో మనసు గురించి చెప్పిన సంగతుల మీదికి, గాంధీ మీదికి మళ్లింది. 2021లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

పారాసైకాలజీ ఫలితాలను శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను, క్లాసులో పిల్లలకూ అదే చెబుతాను. అయినా నేను చెప్పదలచుకున్నదానికి ఆయన జీవితమే సరైన ఉదాహరణ. ఫిలాసఫీ చదివిన ఒక తెలుగు కుర్రవాడికి పర్మినెంట్ ఉద్యోగం దొరికింది. బయటి దేశం వెళ్లి నేర్చుకునే వీలు దొరికింది. తిరిగొచ్చాక ఒక విభాగాన్ని తన చేతుల్లో పెట్టారు. తన ప్రశ్న తప్పయినా ఒప్పయినా దాన్ని దశాబ్దాల పాటు వదలకుండా పట్టుకునే స్వేచ్ఛ ఉంది. అది చాలదనిపించినప్పుడు ఇంకో ప్రశ్న దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ కూడా ఉంది. ప్రొఫెసర్ అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. ఇవాళ మా విభాగంలో పీజీ ఫస్ట్ వచ్చిన అమ్మాయికి ఇలాంటి జీవితం దొరుకుతుందని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ పోస్టులు లేకపోవడం వల్ల జరుగుతున్నవి ఇవి.

1. గైడ్ లేకపోతే స్కాలర్ ఉండడు

ఇది అధికారులకు తెలిసిన విషయమే, సామాన్య జనానికి తెలియదు. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మంది స్కాలర్లకు, అంటే పీహెచ్‌డీ విద్యార్థులకు, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి గైడ్‌గా ఉండొచ్చు. గైడ్ మాత్రం రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. కాంట్రాక్టు వాళ్లు, గెస్ట్ ఫ్యాకల్టీ, అకడమిక్ కన్సల్టెంట్లు ఎంత చదువుకున్నా, ఎన్నేళ్లు పాఠం చెప్పినా గైడ్ కాలేరు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు.

ఇద్దరు ప్రొఫెసర్లు, ఇద్దరు అసోసియేట్లు, ముగ్గురు అసిస్టెంట్లు ఉన్న విభాగంలో 40 మంది పరిశోధన చేయొచ్చు. ఒక్క అసోసియేట్ ప్రొఫెసర్ మిగిలితే ఆరుగురు చేయొచ్చు. ఆయనకు సర్వీసు రెండేళ్లే ఉంటే కొత్తగా ఒక్కరికి కూడా సీటు ఉండదు. బోర్డు మీద విభాగం పేరు ఉంటుంది, పీజీ అడ్మిషన్లు జరుగుతుంటాయి, ఫీజులు వసూలవుతుంటాయి, పరిశోధన మాత్రం ఆగిపోతుంది. ఇప్పుడు పీహెచ్‌డీ ఆగిపోతే పదేళ్ల తర్వాత పోస్టులు భర్తీ చేద్దామన్నా అర్హులు దొరకరు. అప్పుడు అభ్యర్థులు లేరని చెప్పి విభాగాన్నే మూసేస్తారు. కొన్ని చిన్న సబ్జెక్టులకు ఇలా జరగడం మనం చూశాం.

మా ల్యాబ్ బీరువాలో అద్దంలో చూస్తూ గీత గీయించే మిర్రర్ డ్రాయింగ్ బోర్డులు, జ్ఞాపకశక్తి ప్రయోగాలకు వాడే మెమరీ డ్రమ్, వేళ్ల చురుకుదనం కొలిచే బోర్డు ఉన్నాయి. మెమరీ డ్రమ్ తిరగడం మానేసి చాలా కాలమైంది. బాగుచేయించడానికి ఇండెంట్ పెట్టాలంటే హెడ్ సంతకం కావాలి. మా విభాగానికి సొంత హెడ్ లేరు, వేరే విభాగం ప్రొఫెసర్ గారు ఇన్‌చార్జిగా ఉన్నారు. ఆయన మంచివారే. కానీ ఆ పరికరం దేనికి వాడతారో ఆయనకు మేమే చెప్పాలి. ప్రాక్టికల్ పరీక్ష వచ్చినప్పుడు పిల్లలు మిగిలిన పుల్లలతో, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో పని కానిచ్చేస్తున్నారు. రేపు వీళ్లే ఎక్కడో ఒక ఆసుపత్రిలో మీ పిల్లల జ్ఞాపకశక్తిని పరీక్షిస్తారు.

2. పరిశోధన అంశాన్ని పాయింట్లు నిర్ణయిస్తున్నాయి

యూజీసీ 2018 నిబంధనల్లో నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే ఎనిమిదేళ్ల అనుభవం, కనీసం 7 ప్రచురణలు, 75 రీసెర్చ్ స్కోరు ఉండాలి. ప్రొఫెసర్‌కు పదేళ్లు, 10 ప్రచురణలు, 120 స్కోరు. కొలమానం ఉండటం తప్పని నేను అనను. ఏదో ఒక లెక్క లేకపోతే సిఫారసులే రాజ్యమేలతాయి. కానీ స్కోరు ఎలా వస్తుందో చూడండి. ఒక గూడెంలో రెండేళ్లు ఉండి తల్లులతో మాట్లాడి ఒక మంచి పేపరు రాసినవాళ్లకూ, పక్క కాలేజీలో మూడు వందల ఫారాలు పంచి నెలలో పేపరు తేల్చినవాళ్లకూ ఒకటే పాయింట్లు. అంతా రెండో దారే పడుతున్నారు. అందుకే మన థీసిస్‌లన్నీ ఒకేలా ఉంటున్నాయి: ఉపాధ్యాయుల్లో ఉద్యోగ ఒత్తిడి, డిగ్రీ విద్యార్థుల్లో సర్దుబాటు, భావోద్వేగ ప్రజ్ఞ. జిల్లా పేరు, లింగం, వయసు మారుస్తారు. ప్రశ్నావళి పాతదే. వైవాకు వచ్చిన ఎగ్జామినర్ అడిగే ప్రశ్నలు కూడా పాతవే.

నాసిరకం జర్నళ్లను అరికట్టాలని యూజీసీ తాను ఆమోదించిన జర్నళ్లతో కేర్ అనే జాబితా తెచ్చింది. 2025లో దాన్ని ఎత్తేసి, ఏది మంచి జర్నలో తేల్చుకునే బాధ్యత విశ్వవిద్యాలయాలకే వదిలేసింది. ఆ తేల్చే పని చేయాలంటే విభాగంలో ఆ సబ్జెక్టు ప్రొఫెసర్లు ఉండాలి కదా. లేనిచోట ఎవరు తేలుస్తారు?

ఇది మన ఒక్కరి సమస్య కాదు. ప్రపంచంలో పేరున్న అమెరికన్ సైకాలజీ జర్నళ్లను 2003 నుంచి 2007 దాకా పరిశీలించి జెఫ్రీ ఆర్నెట్ అనే ఆచార్యుడు 2008లో ఒక లెక్క తీశాడు. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 68 శాతం అమెరికా వాళ్లు. మిగతా పాశ్చాత్య పారిశ్రామిక దేశాలను కలిపితే 96 శాతం. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం మాత్రమే. మనుషుల మనసు ఇలా పనిచేస్తుందని పాఠ్యపుస్తకంలో రాసింది చాలావరకు ఆ 12 శాతం మందిని చూసి రాసింది. మనం అదే కొత్త తరాలకు అప్పజెబుతున్నాం.

వేరేలా చేయొచ్చని నిరూపించినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. 1934 జనవరిలో బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. దాని తర్వాత జనంలో వ్యాపించిన పుకార్లను జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు సేకరించాడు. పెద్దగా నష్టం జరగని చోట కూడా ఇంతకంటే పెద్ద విపత్తు రాబోతోందన్న పుకార్లే ఎందుకు పుట్టాయన్నది తేలాల్సిన చిక్కు. అమెరికాలో లియాన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టు ఆ సమాచారం చదివి, జనం తమలో అప్పటికే ఉన్న భయానికి తగిన కారణం వెతుక్కుంటున్నారేమో అని ఆలోచించాడు. ఒకదానికొకటి పొసగని ఆలోచనలు మనసులో కలిగించే ఇబ్బంది గురించి 1957లో అతను ప్రకటించిన కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతానికి దారితీసిన ఆలోచనల్లో అదొకటి. మా పిల్లలు ఫెస్టింగర్ పేరు పరీక్షలో రాస్తారు, బిహార్‌లో ఆ పుకార్లు సేకరించిన మనిషి పేరు వాళ్లకు తెలియదు. మనకూ 1977 దివిసీమ ఉప్పెన ఉంది. 2014 హుద్‌హుద్ ఉంది. 2020 మే 7న విశాఖలో గ్యాస్ లీకైన రాత్రి ఉంది. ఆ చుట్టుపక్కల పెరుగుతున్న పిల్లలను ఇరవై ఏళ్లపాటు గమనించాలంటే ఇరవై ఏళ్లు ఉద్యోగంలో ఉండే మనిషి కావాలి. పదకొండు నెలలకోసారి రెన్యూవల్ టెన్షన్‌లో ఉండే అధ్యాపకురాలు ఇరవై ఏళ్ల పరిశోధన ప్లాన్ చేయలేదు.

3. సదరం క్యాంపు దగ్గర ఆగిన తల్లి

మా పీజీ విద్యార్థులను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, వైకల్య సర్టిఫికెట్ల కోసం పరీక్షలు చేసే సదరం క్యాంపుకు తీసుకెళ్లాను. ఉదయం నుంచే వరండా నిండిపోయింది. ఒక తల్లి ఎనిమిదేళ్ల కొడుకుని చంకనెత్తుకుని లోపలికొచ్చింది. తండా నుంచి తెల్లవారుజామున ఆటోలో బయల్దేరారట. సైకాలజిస్టు టేబుల్ మీద చెక్క ముక్కలున్న పెట్టె, జిరాక్స్ తీసిన ఫారం, స్టాప్‌వాచ్ ఉన్నాయి. ముక్కల మీద రంగు చాలాచోట్ల పోయింది. పిల్లాడు వాటిని ముట్టుకోలేదు. తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. సైకాలజిస్టు తెలుగులో అడిగిన ప్రశ్నలకు ఆమె వాళ్ల భాషలో మళ్లీ చెప్పింది, అప్పుడు రెండు మాటలు పలికాడు. బయట క్యూ పెరుగుతోంది. కాసేపటికి ఫారం మీద ఒక అంకె పడింది.

ఆ సైకాలజిస్టుని నేను తప్పుపట్టను. అంత రద్దీలో ఆయన ఓపిగ్గానే మాట్లాడాడు. నేను అడిగేది ఆ పెట్టె గురించి. మన దేశంలో ఇప్పటికీ వాడుతున్న బినే-కామత్ బుద్ధి పరీక్ష మూలం 1930లది, అప్పట్లో మరాఠీ, కన్నడ మాట్లాడే పిల్లల కోసం తయారుచేసింది. పిల్లల కోసమే ఉన్న మరో బుద్ధి పరీక్ష, మాలిన్ పరీక్షను 1960లలో నాగపూర్‌లో మలిచారు. ఈ వయసు పిల్లాడు సగటున ఇంత చేయగలడు అని చెప్పే పట్టికలను నార్మ్స్ అంటాం. ఆ నార్మ్స్ పాతబడితే అంకె తప్పుతుంది. లంబాడీ తండా పిల్లాడికీ, కోయ గూడెం పిల్లాడికీ, విజయవాడలో ఇంగ్లిష్ మీడియం పిల్లాడికీ ఒకే పట్టిక వాడితే ఇంకా తప్పుతుంది. ఆ అంకె మీద సర్టిఫికెట్, సర్టిఫికెట్ మీద పింఛను, స్కూల్లో మినహాయింపులు ఆధారపడి ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అభ్యసన వైకల్యం కూడా అందులో ఉంది. గుణింతాలు, ఒత్తులు నేర్చుకోవడంలో ఒక తెలుగు పిల్లాడు ఎక్కడ తడబడుతున్నాడో కనిపెట్టడానికి ఇంగ్లిష్ స్పెల్లింగ్ పరీక్ష పనికిరాదు.

ఒక పరీక్షను తెలుగులో కొత్తగా తయారుచేసి, జిల్లాలన్నిట్లో వేలమంది పిల్లలకు ఇచ్చి, నార్మ్స్ కట్టడం ఏళ్ల తరబడి సాగే పని. ఏ ప్రైవేటు కంపెనీ మన తండాల కోసం ఆ పని చేయదు. అది విశ్వవిద్యాలయాల సైకాలజీ విభాగాలు చేయాల్సిన పని. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధో వైకల్యం మీద పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. దానితో కలిసి పనిచేయడానికి మన వైపు నుంచి మనుషులు కావాలి.

4. లెక్కల్లో మనం లేము, తీర్పుల్లో ఉన్నాం

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో మొదటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. వాళ్లలో అత్యధికులకు చికిత్సే అందడం లేదని కూడా తేలింది. దేశమంతా వాడుతున్న ఈ లెక్క 12 రాష్ట్రాల నుంచి తీసింది. దక్షిణాది నుంచి తమిళనాడు, కేరళ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు. మన మంత్రులు, మన ఆఫీసర్లు సభల్లో చెప్పే శాతాలు మన జనాన్ని అడిగి రాబట్టినవి కావు. తర్వాతి విడతల్లో మన పేరు చేరినా ఆ అంకెలు మన జిల్లాలకు ఏం చెబుతున్నాయో చదివి చెప్పేవాళ్లు ఇక్కడే ఉండాలి.

ఇక తీర్పు సంగతి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని, వాళ్లకు పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలని చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో వంద మంది దాటిన స్కూళ్లు, జూనియర్ కాలేజీలు, హాస్టళ్లున్న కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో మీ దగ్గర లెక్క ఉంటుంది. అంతమంది కౌన్సెలర్లు ఎక్కడి నుంచి వస్తారు? వాళ్లకు శిక్షణ ఇచ్చేదెవరు?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో వరసగా వచ్చిన వార్తలు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ప్రతిసారీ ఒక కమిటీ వేస్తారు, కౌన్సెలర్లను పెట్టాలని సిఫారసు చేస్తారు, ఉన్న లెక్చరర్లలో ఒకరికి రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి కౌన్సెలర్ అని పేరు పెడతారు. రాత్రి హాస్టల్ గదిలో ఏడుస్తున్న పిల్లాడితో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో రెండు రోజుల్లో రాదు. 2022 అక్టోబర్‌లో కేంద్రం 14416 నంబరుతో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ మొదలుపెట్టింది. అది మంచి పని, అవసరమైనవాళ్లు వాడుకోవాలి. అక్కడ ఫోన్ ఎత్తి తెలుగులో మాట్లాడేవాళ్లు కూడా ఎక్కడో ఒక సైకాలజీ విభాగంలో చదువుకుని రావాల్సినవాళ్లే.

మానసిక రుగ్మతలను పరీక్షించి చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుల పరిస్థితి ఇంకా కష్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ పేరుతో పనిచేయాలంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు చదివి ఉండాలి. మామూలు ఎమ్మెస్సీ సైకాలజీ చాలదు. ఇన్నాళ్లూ ఉన్న ఎంఫిల్‌కు 2025–26 వరకే గడువిచ్చి, కొత్త బీఎస్సీ ఆనర్స్, ఎంఏ కోర్సులు తెచ్చారు. ఆ కోర్సులు మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు పెట్టకపోతే ప్రైవేటు వాళ్లు లక్షల ఫీజుకు పెడతారు. లక్షలు కట్టి చదివినవాళ్లు పార్వతీపురానికో ఆసిఫాబాద్‌కో వచ్చి పనిచేస్తారని నేను అనుకోను.

5. దూరవిద్య తలుపు మూసుకుంది

యూజీసీ 2025లో సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో చెప్పకూడదని ఆదేశించింది. ఆ విద్యాసంవత్సరం జులై–ఆగస్టు అడ్మిషన్ల నుంచే అమలు. ఆరోగ్యానికి సంబంధించిన వృత్తిని తపాలాలో పాఠాలు పంపి నేర్పలేమన్నది దాని వెనకున్న ఆలోచన, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, స్కూల్ టీచర్లు, పెళ్లయి ఊళ్లో ఉండిపోయిన అమ్మాయిలు ఎంతోమంది ఆ దారిలోనే సైకాలజీ చదివారు. తలుపు మూసేటప్పుడు రెగ్యులర్ కాలేజీల్లో సీట్లు పెంచాలి కదా. సీట్లు పెంచాలంటే మళ్లీ అధ్యాపకుల పోస్టుల దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మా డిమాండ్లు. ఇవి కోరికలని అనుకుని పక్కన పెట్టవద్దని మనవి.

ఒకటి. రెండు రాష్ట్రాల్లోని ప్రతి విశ్వవిద్యాలయంలో సైకాలజీకి మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఏ పోస్టు ఏ సంవత్సరం నుంచి ఖాళీగా ఉంది అన్న వివరాలు ఒక పట్టికగా ప్రకటించండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ నెలలోనే చేయొచ్చు.

రెండు. ఖాళీలను ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్ మూడు స్థాయిల్లోనూ ఒకేసారి నోటిఫై చేయండి. అసిస్టెంట్ పోస్టులు మాత్రమే నింపితే గైడ్‌షిప్ సమస్య సగమే తీరుతుంది, విభాగాన్ని నడిపించే సీనియర్ ఎవరూ ఉండరు. రోస్టర్ (రిజర్వేషన్ల వరస) విషయంలో కోర్టు కేసులు పడకుండా ముందే సరిచూసుకుని ఇవ్వండి. కేసులు పడి ఆగిపోయిన నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవాళ్లు మాలో ఉన్నారు.

మూడు. భర్తీ పూర్తయ్యేదాకా, పీహెచ్‌డీ ఉండి ఏళ్లుగా బోధిస్తున్న కాంట్రాక్టు అధ్యాపకులు కో-గైడ్‌లుగా ఉండేలా యూజీసీని లిఖితపూర్వకంగా అడగండి. రెండు ప్రభుత్వాలూ కలిసి అడిగితే బరువు ఉంటుంది.

నాలుగు. తెలుగులో బుద్ధి పరీక్షలు, అభ్యసన వైకల్య పరీక్షలు తయారుచేయడానికి రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు మంజూరు చేయండి. విశాఖ, తిరుపతి, హైదరాబాద్ విభాగాలు కలిసి చేయగలవు. గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలను మొదటి రోజు నుంచే అందులో చేర్చాలి, చివర్లో అనుబంధంగా కాదు. తయారైన పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రులకు ఉచితంగా అందాలి. ఇది పూర్తయ్యేదాకా సదరం క్యాంపుల్లో అనుమానం ఉన్న ప్రతి పిల్లాడికీ రెండోసారి, రద్దీ లేని రోజున పరీక్ష జరిగేలా ఆదేశాలివ్వండి. ఇంట్లో మాట్లాడే భాష తెలిసిన సహాయకులు పక్కన ఉండాలి.

ఐదు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలను దగ్గరలోని సైకాలజీ విభాగాలతో కలిపి, పునరావాస మండలి గుర్తింపుతో క్లినికల్ సైకాలజీ కోర్సులు నడపండి. స్టైపెండ్ ఇవ్వండి. చదువు తర్వాత కొంతకాలం జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న షరతు పెట్టినా మాకు అభ్యంతరం లేదు.

ఆరు. సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సెలర్ల నియామకం మీద రెండు రాష్ట్రాలు ఏం చేశాయో జిల్లాల వారీగా ప్రకటించండి. వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఉన్న లెక్చరర్‌ని ఆ లెక్కలో కలపవద్దు.

ఏడు. నెట్ సైకాలజీ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చిన పిల్లలకు మన స్టేట్ ఎలిజిబిలిటీ టెస్టులోనైనా సైకాలజీ పేపర్ తెలుగులో కూడా ఇవ్వండి. థీసిస్ తెలుగులో సమర్పించాలనుకునేవాళ్లకు అడ్డు చెప్పకండి. కనీసం ప్రతి థీసిస్‌కూ పది పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేసి అందరికీ అందుబాటులో ఉంచండి. ఎవరి మీద పరిశోధన చేశారో వాళ్లు దాన్ని చదవగలగాలి.

వైస్ చాన్సలర్లకు విడిగా ఒక మాట. పై ఏడింటిలో ప్రభుత్వం అనుమతి అక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. పోస్టుల పట్టిక, తెలుగు సారాంశం మీ సంతకంతో అయిపోతాయి. ల్యాబ్ పరికరాల మరమ్మతు కూడా అంతే. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం పెట్టి, ఒకే ప్రశ్నావళితో ఒకే రకం అంశం మీద వచ్చే సినాప్సిస్‌లను (పరిశోధన ప్రతిపాదనలను) వెనక్కి పంపే అధికారం కూడా మీ పరిధిలోనే ఉంది.

సీనియర్ ప్రొఫెసర్లకు, రిటైరైన గురువులకు కూడా ఈ లేఖ పంపుతున్నాను. మీరు చూసిన విభాగాలు మేము చూడలేదు. మీ మాటకు సచివాలయంలో ఇంకా విలువ ఉంది. దయచేసి మాతోపాటు అడగండి. తల్లిదండ్రులు కూడా తమ పిల్లల కాలేజీకి వెళ్లి, ఇక్కడ కౌన్సెలర్ ఎవరు, ఏం చదువుకున్నారు అని అడగాలి. ఆ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకు ఉంది.

మంత్రులకు, విద్యామండళ్లకు మా చివరి విన్నపం: వచ్చే విద్యాసంవత్సరం పీజీ అడ్మిషన్ల నోటిఫికేషన్ రాకముందే ఈ ఏడు డిమాండ్లలో ఏవి ఒప్పుకుంటున్నారు, ఏవి ఒప్పుకోవడం లేదు, ఎందుకు ఒప్పుకోవడం లేదు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. కుదరదన్నా చెప్పండి. ఏది కుదరదో తెలిస్తే దాని గురించి యూజీసీని అడగాలా, కోర్టుకు వెళ్లాలా, శాసనసభ్యుల దగ్గరికి వెళ్లాలా అన్నది మేము తేల్చుకుంటాం. ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల శాసనసభ్యులందరికీ, శాసనమండలిలోని ఉపాధ్యాయ, పట్టభద్ర నియోజకవర్గాల సభ్యులకూ పంపుతున్నాం.

భవదీయురాలు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ సైకాలజీ కాంట్రాక్టు అధ్యాపకురాలు